మా ఇల్లు కాలి తొమ్మిది రోజులు. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత?

నీవాగట్టు, చిత్తూరు
ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి పోవడమే తప్ప రాసింది లేదు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం మిట్టూరులో మా ఇల్లు కాలింది. మనుషులకు ఏమీ కాలేదు, అది ముందే చెప్తున్నా. నేను ఆఫీసులో ఉన్నా, అమ్మ పక్కింట్లో ఉంది. సిలిండరు పెరట్లో పెట్టి పైపు లోపలికి తీసుకున్నాం కాబట్టి బతికిపోయాం. ఫైరింజన్ వచ్చేసరికే వంటిల్లు, హాలు అయిపోయాయి. ముందు రూములో మంట లేదు గానీ గోడలన్నీ నల్లగా మసి.

ముందు భాగం 1997లో నాయన వేయించిన స్లాబు. వంటింటి వెనక తాత కాలం నాటి రాతి కూసాల గది, అంటే పైకప్పుకు పొడుగాటి రాతి బండలు పరిచింది. సెగ రెండింటికీ తగిలింది. బీరువాలో కాగితాలు కాలలేదు కానీ అప్పడాల్లా గోధుమ రంగుకు తిరిగాయి. పప్పు డబ్బాలో అమ్మ దాచిన నోట్లు బొగ్గయ్యాయి.

చిన్నాన్న ఏమంటారంటే, "ట్రాక్టరు పిలిచి బూడిదంతా ఎత్తేయిద్దాం, రెండు కోట్లు సున్నం కొట్టి అమావాస్య లోపల పాలు పొంగిద్దాం" అని. ఆయన మంచికే చెప్తున్నారు. వచ్చి చూసి పోయేవాళ్లతో అమ్మకు తల ఎత్తుకోలేనట్టు ఉంది. ఆ రోజు దీపం పెట్టి పక్కింటికి పోయింది ఆమే. కారణం దీపమేనని ఊరంతా తేల్చేసింది.

రేపు పొద్దున ట్రాక్టరు వస్తుంది. రానివ్వాలా, వద్దా?

కొర్లగుంట_అక్క, తిరుపతి
ఆదివారం రాత్రి 9:31

తమ్ముడూ, ముందు ట్రాక్టరతనికి ఫోన్ చేసి వద్దని చెప్పు. తర్వాత మిగతాది చదువు.

ఆరేళ్ల కింద మా పై అంతస్తు కాలింది. మూడో రోజే మేము ఊడ్చి పారేయించాం. ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి "టీవీ ఎక్కడుండేది? ఫ్రిజ్ ఏది?" అంటే చూపించడానికి ఖాళీ నేల తప్ప ఏమీ లేదు. ఫోటోలు నాలుగే ఉన్నాయి, అవీ ఏడుపు మొహాలతో మావే. సామాన్లవి కాదు.

ఇంకోటి. ఆ చెత్తతో మా అత్తగారి రెండు గాజులు కూడా పోయాయి. బంగారం కాలిపోదు. మహా అయితే కరిగి ముద్దవుతుంది, నల్లబడుతుంది. లక్క పోసిన నగలైతే లక్క కాలిపోయి రాళ్లు ఊడి చెల్లాచెదురవుతాయి. బీరువా చుట్టూ ఉన్న బూడిద జల్లెడ పట్టందే పారేయొద్దు.

మాస్కు, చెప్పులు కాదు బూట్లు, చేతికి గ్లౌజులు. ఒక్కో గదిని నాలుగు మూలల నుంచి వీడియో తీయి. మీ అమ్మను ఆ ఇంట్లో పడుకోనీకు.

నీవాగట్టు, చిత్తూరు
ఆదివారం రాత్రి 9:50

ట్రాక్టరు ఆపాను అక్కా. చిన్నాన్న అలిగారు. పడుకోవడం మేనమామ ఇంట్లో, కాణిపాకం రోడ్డులో.

జాకీపెట్టు, తిరుపతి
ఆదివారం రాత్రి 10:24

సైట్ ఇంజనీరును. ట్రాక్టరు కంటే ముందు నాకు భయం వేసింది స్లాబు గురించి. తొమ్మిది రోజులుగా దాని కింద మనుషులు తిరుగుతున్నారా? హాలు, వంటిల్లు రెండింట్లో రేపే స్లాబుకు ఆనుగా సరుగుడు కట్టెలో ఇనుప జాకీలో పెట్టించండి. తర్వాతే మిగతా పని.

కాంక్రీటు కాలదు కదా అని మేస్త్రీలు ధీమాగా ఉంటారు. కాలదు నిజమే, కానీ 300 డిగ్రీలు దాటాక బలం తగ్గుతూ పోతుంది, చల్లారినా ఆ బలం తిరిగి రాదు. లోపలి ఇనుము కథ వేరు. చాలా ఎక్కువ వేడెక్కకపోతే చల్లారాక చాలావరకు కోలుకుంటుంది. స్లాబు అడుగున కడ్డీని కాపాడే కాంక్రీటు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అది పెళ్లలుగా ఊడి కడ్డీ బయటపడిందా, కడ్డీ కిందికి వంగిందా? ఇవే ముందు చూడాల్సినవి. కాంక్రీటులో లేత గులాబీ ఛాయ కనిపిస్తే 300 దాటిందని అర్థం. అయితే కంకర రకాన్ని బట్టి ఒక్కోసారి ఆ రంగు కనిపించదు. గులాబీ లేదు కాబట్టి భద్రం అనుకోకండి.

చిన్న సుత్తితో తట్టించండి. గట్టి శబ్దం వస్తే పొర అంటుకునే ఉన్నట్టు, డొల్ల శబ్దం వస్తే లోపల విడిపోయినట్టు. ఆ తర్వాత రీబౌండ్ హ్యామర్ (కొట్టి ఎంత వెనక్కి ఎగురుతుందో చూసేది), అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలు పంపి చూసేది) పరీక్షలు చేయించాలి. అనుమానం తీరకపోతే కోర్, అంటే కాంక్రీటు ముక్కను గుండ్రంగా తొలిచి తీసి చూడాలి. ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ ల్యాబుల్లో ఈ పరీక్షలు చేసేవాళ్లు దొరుకుతారు. ఒక హెచ్చరిక: కాలిన ముఖం మీద రీబౌండ్ అంకె ఒక్కటే చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదు.

సున్నం ఇప్పుడు వద్దే వద్దు. సున్నం కొడితే పగుళ్లు కప్పుకుపోతాయి, నాలాంటివాడు వచ్చినా ఏమీ కనిపించదు.

రాతిపని_మనవడు, పలమనేరు
సోమవారం ఉదయం 6:48

స్లాబు గురించి ఆయన చెప్పారు. కూసాల గది గురించి నేను చెప్తా.

మా తాతవాళ్లు బండ ఎట్ల తీసేవాళ్లో తెలుసా? పరుపు బండ మీద కట్టెలు పేర్చి మంట పెడతారు. వేడికి పైపొర ఉబ్బి కింది బండ నుంచి విడిపోతుంది, దాన్ని సుత్తితో తట్టి చీల్చుకుంటారు. మీ వంటింటి మంట ఆ కూసాలకు అదే పని చేసి ఉంటుంది, కాకపోతే కింది నుంచి.

స్లాబులో కడ్డీ ఉంటుంది కాబట్టి కొంచెం వంగి, పగిలి, ముందుగా చెప్తుంది. రాతికి ఆ మర్యాద లేదు. బాగుండే ఉంటుంది, ఒకనాడు రెండు ముక్కలై పడుతుంది. ఒక్కో కూసాన్ని కట్టెతో తట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు. దబ్ మన్నా, అడ్డంగా వెంట్రుక సన్నని గీత కనిపించినా సరే, దాన్ని మార్చాల్సిందే. మొత్తం పడగొట్టక్కర్లేదు. చెడినవి మాత్రం దించి కొత్తవి ఎక్కించవచ్చు, మిగిలినవాటికి నడిమధ్యన ఇనుప గర్డరు ఇవ్వవచ్చు. ఎక్కించే మనుషులే ఇప్పుడు తక్కువ.

వాస్తు_మిత్ర
సోమవారం ఉదయం 7:15

వంటిల్లు ఏ మూలలో ఉంది? ఆగ్నేయంలో లేకపోతే ఇలాంటివి జరుగుతాయి. ప్లాన్ పంపితే చూస్తాను.

నీవాగట్టు, చిత్తూరు
సోమవారం ఉదయం 7:40

ఆగ్నేయంలోనే ఉంది సార్.

కొర్లగుంట_అక్క, తిరుపతి
సోమవారం ఉదయం 7:42

😀 ఇక ముందుకు పోదాం.

పాతలెడ్జర్, చిత్తూరు
సోమవారం ఉదయం 10:05

బ్యాంకులో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. నాయనా, డబ్బు, కాగితాల సంగతి నాకు వదిలేయి.

నోట్లు. ఆ డబ్బా కదపొద్దు. నోట్లు విడదీయాలని చూడొద్దు, తడి తగలనీయొద్దు. మామూలుగా చిరిగిన నోటు ఏ శాఖలోనైనా మారుస్తారు. యాభై, ఆపై నోట్లకు ఒకే ముక్క 80 శాతం కంటే ఎక్కువ మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం. కానీ ముట్టుకుంటే పొడయ్యే కాలిన నోట్లు శాఖలో తీసుకోరు, తీసుకోకూడదని నిబంధనే ఉంది. అవి రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసుకే వెళ్లాలి. మనకు హైదరాబాదు. అక్కడ ప్రత్యేకంగా పరిశీలించి ఎంత ఇవ్వాలో తేలుస్తారు. డబ్బాను డబ్బాగానే, దూది కుదురుగా పెట్టి తీసుకెళ్లు. ఫైర్ రిపోర్టు నకలు వెంట ఉంచుకో.

ఇంటి దస్తావేజులు. రిజిస్టరైన ఏ పత్రానికైనా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. నంబరు, సంవత్సరం గుర్తు లేకపోతే ముందు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించు, అందులో రెండూ బయటపడతాయి. గోధుమ రంగు తిరిగిన అసలు కాగితాలను మడవొద్దు, లామినేషన్ చేయించొద్దు. మధ్యలో తెల్ల కాగితం పెట్టి పళ్లెంలా పరుండబెట్టు. ఆధార్, పాన్, లైసెన్సు గురించి దిగులు లేదు, అవి మళ్లీ వస్తాయి. పదో తరగతి, డిగ్రీ సర్టిఫికెట్లకు మాత్రం పోలీసు స్టేషన్లో ఫిర్యాదు కాపీ అడుగుతారు, కాబట్టి ఫిర్యాదులోనే ఏమేం కాలాయో పేరుపేరునా రాయించు.

ఇక అసలు ప్రశ్న. ఇంటి మీద లోన్ ఏదైనా ఉందా?

నీవాగట్టు, చిత్తూరు
సోమవారం మధ్యాహ్నం 1:20

ఉంది సార్. 2022లో పైన ఒక గది, ముందు రేకుల షెడ్డు కోసం తీసుకున్నా. ఇంకా ఏడేళ్లు కట్టాలి. ఇన్సూరెన్స్ మాత్రం నేను చేయించలేదు.

పాతలెడ్జర్, చిత్తూరు
సోమవారం మధ్యాహ్నం 1:34

నువ్వు చేయించకపోవచ్చు, వాళ్లు చేయించి ఉంటారు. లోన్ ఖాతా స్టేట్‌మెంటులో మొదటి నెల చూడు, ప్రీమియం కోత ఉంటుంది. అప్పుడు సంతకం పెట్టిన నలభై కాగితాల్లో అదొకటి.

నీవాగట్టు, చిత్తూరు
సోమవారం సాయంత్రం 5:02

ఉంది సార్!! పదేళ్ల పాలసీ అంట. దేవుడా, నాలుగేళ్లుగా ఉన్నట్టే తెలియదు.

సందేహాల_రాయుడు
సోమవారం సాయంత్రం 5:30

మరీ సంబరపడకు బ్రో. మా బాబాయికి గోడౌన్ కాలితే రెండేళ్లు తిప్పారు. ఇన్సూరెన్స్ ఇచ్చేదీ లేదు, మనం తీసుకునేదీ లేదు.

పాతలెడ్జర్, చిత్తూరు
సోమవారం సాయంత్రం 6:11

గోడౌన్ లెక్క వేరు, ఇంటి లెక్క వేరు. 2021 ఏప్రిల్‌లో ఇళ్లకు అన్ని కంపెనీలకూ ఒకే నమూనా పాలసీ వచ్చింది, పేరు భారత్ గృహ రక్ష. పాత పాలసీల్లో ఇంటి విలువ తక్కువ చూపించావని పరిహారంలో ఆ మేరకు కోత పెట్టేవాళ్లు, ఇందులో అది లేదు. బిల్డింగు మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లో సామాన్లకు జాబితా ఇవ్వకుండానే వర్తించే ఏర్పాటు కూడా ఉంది. లోన్‌తో వచ్చినవి కొన్ని బిల్డింగుకే పరిమితం, కాబట్టి వేటికి వర్తిస్తుందో రాసి ఉండే షెడ్యూలు పేజీ చదవాలి. నగలు, నగదు సామాన్లలోకి రావు.

ఈ రోజే మెయిల్ పెట్టు నాయనా. ఫోన్ కాదు, మెయిల్. తొమ్మిది రోజులు ఎందుకు ఆలస్యమైందంటే పాలసీ ఉన్నట్టే తెలియదని ఉన్నది ఉన్నట్టు రాయి. డబ్బు ముందు లోన్ ఇచ్చినవాళ్ల పేరు మీద వస్తుంది, దానికి కంగారు పడకు. వాళ్లతో మాట్లాడి రిపేరుకు విడుదల చేయించుకోవాలి. కంపెనీ కాదంటే, లేదా నెలైనా బదులివ్వకపోతే హైదరాబాదులో ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

ఫ్యూజు_మాస్టర్, రేణిగుంట
సోమవారం రాత్రి 8:47

ఎలక్ట్రీషియన్‌ని. ఒకటే అడుగుతా. ఊరంతా దీపం అంటోంది సరే, గోడలు ఏమంటున్నాయి?

మంట పుట్టిన చోటు నుంచి మసి గోడ మీద చాటలా పైకి విచ్చుకుంటుంది. చాట మొన ఎక్కడుందో చూడండి. దేవుడి అర ఎక్కడ, ఆ మొన ఎక్కడ? ప్లగ్గులు, సాకెట్లు ఏవీ పీకొద్దు, ఫోటోలు తీయండి. మెయిన్ ఆఫ్ చేసి, ఎవరూ ఆన్ చేయకుండా టేపు చుట్టండి. ముందు రూములో మంట రాలేదని అక్కడ లైటు వేయడానికి ప్రయత్నించొద్దు. పొగ సెగకే వైరు తొడుగు మెత్తబడి ఉంటుంది.

నీవాగట్టు, చిత్తూరు
మంగళవారం ఉదయం 11:26

అన్నా, ఇప్పుడే చూసి వచ్చా. చేతులు వణుకుతున్నాయి.

దేవుడి అర తూర్పు గోడకు, నా రొమ్ము ఎత్తులో. అక్కడ నలుపు ఉంది కానీ పై నుంచి కిందికి దిగినట్టుంది. చాట మొన పడమర గోడకు, ఫ్రిజ్ వెనక, నేలకు ఒక అడుగు పైన. ఆ సాకెట్ అసలు లేదు, రాగి తీగ చివర పూసల్లా కరిగి ఉంది. ఇత్తడి దీపం కుంది పడిపోలేదు, పెట్టినచోటే ఉంది. లోపల వత్తి మొదలు ఇంకా మిగిలుంది.

ఫ్యూజు_మాస్టర్, రేణిగుంట
మంగళవారం ఉదయం 11:58

ఫైర్ ఆఫీసరు, సర్వేయరు చూసి రాసిందే చివరి మాట, నాది కాదు. కానీ నా ఇరవై ఏళ్ల అనుభవంలో దీపం మీద పడిన నిందల్లో సగం సాకెట్లవి. ఫ్రిజ్‌కి ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడారా?

నీవాగట్టు, చిత్తూరు
మంగళవారం మధ్యాహ్నం 12:15

వాడాం. ఫ్రిజ్, మిక్సీ, ఇన్‌డక్షన్ స్టవ్ మూడూ ఒకే దాని మీద. పెట్టింది నేనే.

అమ్మకు చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపటికి "కుంది తెచ్చినావా?" అని అడిగింది.

కొర్లగుంట_అక్క, తిరుపతి
మంగళవారం మధ్యాహ్నం 12:40

తెచ్చి ఇవ్వు. చింతపండు పెట్టి తోముకుంటుంది. నువ్వు కూడా నిన్ను నువ్వు కొరుక్కోకు, ప్రతి ఇంట్లో ఆ బోర్డు ఉంది. మా ఇంట్లో ఇప్పుడు లేదు, అంతే.

పల్లె_సచివాలయం
మంగళవారం సాయంత్రం 4:20

తహసీల్దారుకు అర్జీ కూడా ఇవ్వండి, వీఆర్వో పంచనామా రాస్తారు. విపత్తు సాయం నిబంధనల్లో అగ్నిప్రమాదం కూడా ఉంది. 2022-26 లెక్కల్లో పూర్తిగా కాలిన గుడిసెకు 8,000, బట్టలకు 2,500, వంట సామాన్లకు 2,500. మీది పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇల్లు కాబట్టి చేతికొచ్చేది చిన్న మొత్తమే. అయినా పంచనామా కాగితం మిగతా ప్రతి పనికీ పనికొస్తుంది.

సందేహాల_రాయుడు
మంగళవారం సాయంత్రం 4:41

గ్యాస్ కనెక్షన్‌కి కూడా ఇన్సూరెన్స్ ఉంటుందంటారు, అది?

పాతలెడ్జర్, చిత్తూరు
మంగళవారం సాయంత్రం 5:08

ఉంది. ప్రమాదం గ్యాస్ వల్ల జరిగితేనే. కనెక్షన్ నమోదైన ఇంట్లో ఆస్తి నష్టానికి గరిష్ఠంగా 2 లక్షలు, మనిషి పోతే 6 లక్షలు. వెంటనే డీలరుకు రాతపూర్వకంగా చెప్పాలి. వీళ్లది ఫ్రిజ్ వెనక నుంచి కాబట్టి అది అడగడం తప్పవుతుంది.

నీవాగట్టు, చిత్తూరు
ఆ తర్వాతి ఆదివారం రాత్రి 8:30

సర్వేయరు వచ్చి పోయాడు. బూడిద కదపనందుకు మెచ్చుకున్నాడు. ఫ్రిజ్ అస్థిపంజరం, టీవీ ఫ్రేము, మిక్సీ మోటారు అన్నీ లెక్క రాసుకున్నాడు. పాత ఫోటోల్లో, పోయిన సంక్రాంతి వీడియోలో వెనక కనిపించే సామాన్లు కూడా చూపించా. జల్లెడ పడితే అమ్మ కమ్మలు దొరికాయి, రాళ్లు ఆరింటికి నాలుగు.

ఇప్పుడు ముందు రూము కడగాలి. ఎట్లా? ఇంకో సందేహం, నవ్వకండి. వంటింటి అటక మీద ఈ ఎండాకాలం పెట్టిన ఆవకాయ జాడీ పగలకుండా ఉంది. అమ్మ దాన్ని పారేయనివ్వడం లేదు.

కొర్లగుంట_అక్క, తిరుపతి
ఆదివారం రాత్రి 8:52

నవ్వడమేంటి, నాకు ఏడుపొచ్చింది. కానీ పారేయాలి తమ్ముడూ. సెగ తగిలిన, పొగ పట్టిన తిండి ఏదైనా పారేయాల్సిందే. పచ్చళ్లు, బియ్యం, మందు మాత్రలు కూడా. ప్లాస్టిక్, వైర్లు కాలిన పొగలో ఏముంటుందో మూత గుడ్డ ఆపదు. జాడీ మాత్రం ఉంచుకోండి.

గోడలకు నీళ్లు ముట్టించొద్దు. తడిగుడ్డ పెడితే మసి గోడలోకి ఇంకిపోతుంది. ముందు వాక్యూమ్, మొన తగలకుండా కొంచెం ఎడంగా. తర్వాత పొడి స్పాంజి, పై నుంచి కిందికి, ఒకే వైపు. అది నల్లబడితే ముఖం కోసి పారేసి కొత్త ముఖంతో. అదంతా అయ్యాక సర్ఫు నీళ్లు.

జాకీపెట్టు, తిరుపతి
ఆదివారం రాత్రి 9:15

దాని మీద నేరుగా ఎమల్షనో సున్నమో కొడితే వానాకాలంలో మరకా, వాసనా రెండూ బయటికొస్తాయి. ఆయిల్ ప్రైమర్ ఒక కోటు కొట్టి ఆపైన రంగు వేయండి. తలుపు గొళ్లేలు, బీరువా, కుట్టు మిషను ముందు తుడిచి నూనె రాయండి, మసిలో ఆమ్లగుణం ఉంటుంది, ఇనుమును తినేస్తుంది. ఇంతకీ ముందు షెడ్డు రేకులు పగిలాయా? సిమెంటు రేకులైతే పొడిగా ఊడ్చొద్దు. నీళ్లతో తడిపి, ముక్కలు చేయకుండా ఎత్తించండి. అందులో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు.

నీవాగట్టు, చిత్తూరు
నాలుగు నెలల తర్వాత

చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

స్లాబు: వంటింటి మీద భాగం పరీక్షలో నిలబడలేదు, కోసి కొత్తది వేశాం. హాలుది ఉంచి, డొల్ల పెళ్లలు కొట్టేసి, కడ్డీలు బ్రష్ పట్టి, సన్న కంకరతో చేసే మైక్రో కాంక్రీటు పోశారు. కూసాలు పదకొండులో మూడు దించాం. రాతిపని అన్నయ్య పంపిన మనుషులే వచ్చి చేశారు, ఆయన కమిషన్ కూడా తీసుకోలేదు.

ఇన్సూరెన్స్: అడిగినదాంట్లో మూడో వంతు కోశారు, రెండు నెలలు తిప్పారు. రాయుడు బ్రో సగం కరెక్టు. సామాన్లకు మాత్రం వచ్చింది. అంబుడ్స్‌మన్ దాకా పోలేదు, ఓపిక లేక.

నోట్లు: డబ్బాలో అమ్మ చెప్పింది పద్దెనిమిది వేలు. హైదరాబాదు పోయాక తేలింది, అడుగున రెండు 2,000 నోట్లు కూడా ఉన్నాయని. మొత్తం మీద పదకొండు వేల ఐదు వందలు చేతికొచ్చాయి. ఆ రెండు వేలవి ఎప్పటివని అడిగితే అమ్మ పక్కకు చూసింది.

వైరింగు అంతా కొత్తది. ఫ్రిజ్‌కి, ఇన్‌డక్షన్‌కి వేరువేరు లైన్లు, కరెంటు లీకైతే ఆపేసే ఆర్‌సీసీబీ, వంటింటి బయట ఒక స్మోక్ అలారం. పోపు వేసినప్పుడల్లా మోగుతుందని గోల. ఫ్యూజు మాస్టర్ అన్నా, కొంచెం దూరం జరపమంటావా?

గడప దగ్గర మాత్రం పెద్ద గొడవ జరిగింది. చిన్నాన్న కాలిన గడప అరిష్టం, కొత్తది పెట్టాలన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, అది నాయన కొనుక్కొచ్చిన టేకు. వడ్రంగి చిత్రిక పట్టి చూస్తే నలుపు అరంగుళమే, లోపల చెక్క చెక్కుచెదరలేదు. ఇప్పుడు గడప కొంచెం కిందికి దిగింది. పెద్ద వానొస్తే వాకిట్లో నీళ్లు లోపలికి వస్తాయని మేస్త్రి అంటాడు. చూడాలి.

పాలు పొంగించిన రోజు చిన్నాన్నే ముందు కూర్చున్నారు.

కొర్లగుంట అక్కా, నువ్వు బస్సులో పంపిన జాడీ అందింది. మూత అంచు కొంచెం పగిలింది. ఆవకాయలో ఆవ ఎక్కువైందని అమ్మ అంటూనే మూడు రోజుల్లో సగం చేసింది. ఖాళీ జాడీ తిరిగి పంపాలా, మా పాత జాడీ పక్కన పెట్టుకోవచ్చా?

కొర్లగుంట_అక్క, తిరుపతి
అదే రోజు రాత్రి 9:03

పెట్టుకోండి. ఆవ ఎక్కువ కాదు, చిత్తూరు వాళ్లకు ఆవకాయ తినడం రాదని చెప్పు అమ్మకు.